హైపర్ – హైపో: ఆసుపత్రి కాగితము నాకు నేర్పిన పాఠము

ఆసుపత్రి నుండి రోగిని ఇంటికి పంపునప్పుడు ఒక కాగితముల కట్టను చేతికి ఇత్తురు. ఏ బాధతో చేరినది, ఏ పరీక్షలు జరిగినది, ఏ మందులు ఎన్నాళ్ళు వాడవలసినది అంతయు అందు వ్రాసియుండును. ఇంటివారు దానిని ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో భద్రపరచుదురు. చదువువారెందరు? చదివినను అర్థము చేసికొనువారెందరు? ఈ ప్రశ్నను పాఠకులను అడుగుటకు ముందు నన్ను నేను అడుగుకొనవలసి వచ్చినది. ఆ సందర్భమును దాచక చెప్పుటయే ఈ వ్యాసమునకు మొదటి ధర్మమని తలచుచున్నాను.

నేను చేసిన పొరపాటు

2022వ సంవత్సరము వేసవి. మా వీధివారే, డెబ్బది యేండ్ల పెద్దమనిషి, అయిదు దినములు ఆసుపత్రిలో ఉండి ఇంటికి వచ్చినారు. చిరకాలముగా మధుమేహము, రక్తపోటు కలవారు. మూత్రపిండములు కొంత దెబ్బతిన్నవి. వారి కుమారుడు కాగితములు తెచ్చి నా ముందుంచి, “శాస్త్రిగారూ, మందులు వాళ్ళిచ్చినవే వాడుతున్నాము. పథ్యం సంగతి మాత్రం మీరు చెప్పండి. నాన్నగారికి మీ మాట మీదే గురి” అన్నాడు.

అందు ‘హైపర్‌కలీమియా’ అను మాట కనబడినది. అంతకు కొన్నాళ్ళ ముందు, వాంతులు విరేచనములతో నీరసించిన ఒక బాలిక కాగితములో ‘హైపోకలీమియా’ అను మాటను చూచియుంటిని. ఆ బాలికకు ఆసుపత్రి వైద్యులే కొబ్బరినీళ్ళు ఇమ్మన్నారు. ఆమె చక్కగా కోలుకొన్నది. మాటకున్న తోక నా మనస్సులో నిలిచినది, తల నిలువలేదు. తెలియని మాటను తెలియదని ఒప్పుకొని ఆసుపత్రికి ఫోను చేయించవలసినది. నలుబది యేండ్ల అనుభవము అడ్డు వచ్చినది. దినమునకొక లేత కొబ్బరిబొండము త్రాగించుమని చెప్పి పంపితిని.

నాల్గవ దినమున ఆయనకు కాళ్ళు ఎత్తలేని నీరసము, గుండె తడబాటు కలిగి మరల ఆసుపత్రిలో చేర్చినారు. అక్కడి మూత్రపిండముల వైద్యులు రక్తపరీక్ష చూచి అడిగిన మొదటి ప్రశ్న, “కొబ్బరినీళ్ళు గాని, పండ్లరసాలు గాని ఇస్తున్నారా?” అని. సకాలమున చికిత్స జరిగి ఆయన బ్రతికినారు. ఆ కుటుంబము నన్నొక్క మాట అనలేదు. అనియున్నచో నా మనస్సు కొంత తేలిక పడియుండెడిది.

ఆ మాటలోని మర్మము

హైపర్ అనగా అధికము. హైపో అనగా అల్పము. ‘కలీ’ అనునది పొటాషియమునకు గల ‘కేలియం’ అను లాటిను పేరు. ‘ఈమియా’ అనగా రక్తమునందు ఉండుట. హైపర్‌కలీమియా అనగా రక్తములో పొటాషియము హెచ్చుట. హైపోకలీమియా అనగా తగ్గుట. రక్తములో ఇది సాధారణముగా లీటరునకు 3.5 నుండి 5 మిల్లీ ఈక్వివలెంట్ల వరకు ఉండును. హెచ్చినను తగ్గినను కండరములు బలహీనమగును, గుండె లయ తప్పును.

మూత్రపిండములు బాగుగా ఉన్నవారిలో, ఆహారమునందలి అదనపు పొటాషియము మూత్రముతో పోవును. అవి దెబ్బతిన్నవారిలో అది రక్తమునందే నిలిచిపోవును. కొబ్బరినీటిలో 100 మిల్లీలీటర్లకు సుమారు 250 మిల్లీగ్రాముల పొటాషియము ఉండును. అనగా నిండు బొండములో 500 మిల్లీగ్రాములకు తక్కువ కాదు. విరేచనములతో దానిని పోగొట్టుకొన్న బాలికకు అది అమృతము. విసర్జింపలేని ఆ పెద్దమనిషికి అదే విషము. రెండు కాగితములలోని రెండు మాటలకు భేదము ఒక్క అక్షరము.

గురుకులమున నేర్చినది, మరచినది

నా పదునాలుగవ యేట మా గురువుగారి ఇంట చేరితిని. మొదటి రెండేండ్లు మందుల ఊసే లేదు. తెల్లవారుజామున అమరకోశము వల్లించుట, పగలు వ్యాకరణము. శరీరావయవముల పేర్లు, కొన్ని రోగముల పేర్లు మనుష్యవర్గములోనే నోటికి వచ్చినవి. తరువాత వాగ్భటుని అష్టాంగహృదయము, మాధవకరుని నిదానము. ఒక పదము వచ్చినదన్న, అందలి ధాతువేది, ఉపసర్గయేది, ప్రత్యయమేది అని అడుగకుండ గురువుగారు ముందుకు సాగనిచ్చెడివారు కారు. పేరు విప్పలేనివాడు పొట్లము విప్పరాదని వారు మందలించెడివారు.

ఆ మాటను సంస్కృత పదములకు మాత్రమే వర్తింపజేసికొంటిని. రోగులు నా ముందు పరచు కాగితములు మరియొక భాషలో ఉన్నవి. ఆ భాషలో నేను అక్షరాభ్యాసము కూడ చేయలేదన్న సంగతి ఆ వేసవిలో తెలిసినది.

అంతర్జాలములో విద్యార్థి

మా మనుమరాలు నర్సింగు చదువుచున్నది. నా బాధ విని, “తాతయ్యా, మాకు మొదటి సంవత్సరంలోనే మెడికల్ టెర్మినాలజీ చెప్పారు. ఇప్పుడు ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో నేర్చుకోవచ్చు” అని, ఒక కళాశాల నడుపుచున్న పన్నెండు వారముల పాఠ్యక్రమములో నన్ను చేర్చినది. అప్పటికి నాకు అరువది మూడేండ్లు. ఆంగ్లము చదువ వచ్చును గాని, మాటలాడుటకు తడబడుదును.

వారమునకొక శరీర వ్యవస్థ. ఒకవారము ఎముకలు, ఒకవారము గుండె రక్తనాళములు, ఒకవారము జీర్ణకోశము. పది పదునైదు నిముషముల దృశ్యపాఠములు ఎన్నిమార్లయినను చూడవచ్చును. ఆదివారము ముప్పది ప్రశ్నల పరీక్ష. మొదటి పరీక్షలో నాకు వచ్చిన మార్కులు పదకొండు. గురువు ఎదుట తప్పు చెప్పినచో ఎక్కడ తప్పినదో ఆయన ముఖమే చెప్పెడిది. కంప్యూటరు ‘తప్పు’ అని మాత్రము చెప్పును, కినుక వహింపదు, కారణము చెప్పదు.

అందుచేత పాత పద్ధతినే పట్టితిని. పదములన్నిటిని నోటుపుస్తకములో వ్రాసి, ఉదయము సంధ్యావందనము తరువాత పైకి చదువుచు వల్లించితిని. మొదటి నుండి చివరకు, చివర నుండి మొదటికి. మూడవ వారము నుండి పదములు నాకు లొంగినవి. అయితే వల్లెవేయుట ఒక్కటే చాలదని కూడ తెలిసినది. ‘ఇలియమ్’ అను మాట రెండు భాగములకు పేరు. వినుటకు రెండును ఒక్కటే. తెలుగున వ్రాసినను ఒక్కటే. ఆంగ్లమున మూడవ అక్షరము ‘ఇ’ అయినచో చిన్నప్రేగు చివరి భాగము. ‘ఐ’ అయినచో తుంటి యెముక. శ్రుతివిద్యలో పెరిగిన నాకు, కంటితో చూచి తీరవలసిన విద్య యొకటి కలదని అది చెప్పినది.

మాటను విప్పు విధానము

ఈ పరిభాషలోని పదము పెక్కుసార్లు మూడు ముక్కల కూర్పు. ముందు ఉపసర్గ, నడుమ అవయవము పేరు, చివర ప్రత్యయము. చివర నుండి చదువుట సులువు. ‘గ్యాస్ట్రోఎంటరైటిస్’ అను మాటను చూడుడు. చివరి ‘ఐటిస్’ అనగా శోథము, అనగా వాపు, ఎఱ్ఱదనము, నొప్పి. ‘గ్యాస్ట్ర్’ జఠరము, ‘ఎంటర్’ ప్రేగు. నడుమ వచ్చిన ‘ఓ’ కేవలము అతుకు, మన సంధి వంటిది. జఠరమునకు, ప్రేగులకు కలిగిన శోథమని అర్థము తేలినది.

‘ఆల్జియా’ అనగా నొప్పి. ‘మెగలీ’ అనగా అవయవము పెరుగుట. ‘యూరియా’ తోకగా వచ్చినచో మూత్రమునకు సంబంధించినది. హెమటూరియా అనగా మూత్రములో రక్తము పడుట. శస్త్రచికిత్స పేర్లలో మూడు తోకలను జాగ్రత్తగా గమనింపవలెను. పెద్దప్రేగునకు ‘కోలెక్టమీ’ అన్నచో దానిని గాని, అందొక భాగమును గాని తొలగించుట. ‘కోలాటమీ’ అన్నచో కోసి తెరచుట. ‘కోలాస్టమీ’ అన్నచో ప్రేగునకు పొట్టపై ద్వారమును ఏర్పరచుట. మూడింటికి ఇంటిలో చేయవలసిన సేవ వేరువేరు.

‘ఓమా’ అను తోకను చూచి భయపడువారు పెక్కుమంది. కార్సినోమా, లింఫోమా అనునవి క్యాన్సరులే. కాని లైపోమా సాధారణముగా హాని చేయని కొవ్వుగడ్డ. హెమటోమా దెబ్బ తగిలినప్పుడు రక్తము గూడుకట్టుట. గ్లాకోమా గడ్డయే కాదు, కంటి నరమును దెబ్బతీయు వ్యాధి. కావున తోక దారి చూపును గాని తీర్పు చెప్పదు.

సంస్కృతమునకు దగ్గరి చుట్టము

నాకు ఈ విద్యపై ప్రీతి కలిగించిన విషయము మరియొకటి కలదు. ఈ పదములలో పెక్కు గ్రీకు, లాటిను మూలములు కలవి. ఆ భాషలకు సంస్కృతముతో బంధుత్వమున్నదని సర్ విలియం జోన్స్ 1786లో కలకత్తాలో ప్రకటించినాడు. ఆ బంధుత్వము వైద్య పరిభాషలో నిలువెల్ల కనబడును. హైపర్ మన ‘ఉపరి’కి, హైపో మన ‘ఉప’కు సోదరములు. చుట్టును అను అర్థమిచ్చు ‘పెరి’ మన ‘పరి’యే. చెడుటను తెలుపు ‘డిస్’ మన ‘దుస్’. లేమిని తెలుపు ‘అన్’ మన ‘అన్’. ఎముకను చెప్పు ‘ఆస్టియో’ అస్థి. దంతమును చెప్పు ‘ఒడాంటో’ దంతము. ప్రేగును చెప్పు ‘ఎంటరో’ ఆంత్రము. కాలేయమును చెప్పు ‘హెపటో’ యకృత్తు. ఇవి తెలిసిన దినమున మా గురువుగారి ఇంటి అరుగుపై కూర్చున్నట్లే అనిపించినది.

అయితే పోలికలన్నియు చుట్టరికములు కావు. ఆస్తమాలోని ‘ఆస్త’కు, అస్థికి సంబంధము లేదు, అది ఊపిరి అందక రొప్పుటను తెలుపు గ్రీకు పదము. చెవికి ఇంపుగా ఉన్నదని అర్థము కట్టరాదు. నేను హైపర్‌కలీమియాను హైపోకలీమియాగా చదివినది ఆ విధముననే గదా.

ఒక వస్తువునకు ఒక పేరు

పాశ్చాత్య వైద్యులకు కూడ పేర్ల గందరగోళము తప్పలేదు. శరీర భాగములకు సుమారు 50,000 పేర్లు వాడుకలో ఉండగా, 1895లో స్విట్జర్లాండులోని బాసెల్ నగరమున శరీరశాస్త్రజ్ఞులు వానిని వడపోసి 5,000 పైచిలుకు పేర్లను స్థిరపరచినారు. మన నిఘంటువులలో ‘అమృతా’ అన్న మాట తిప్పతీగకు, కరక్కాయకు, ఉసిరికకు కూడ చెల్లును. సందర్భము తెలిసిన వైద్యునికి చిక్కు లేదు, తెలియనివానికి చిక్కే. ఇక ఇండ్లలో ‘వాతము’ అన్నచో కీళ్ళనొప్పి, కడుపుబ్బరము, పక్షవాతము మూడును అదియే. ఆయుర్వేద పదములకు కూడ ప్రామాణిక పరిభాషను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించినది.

పదమునకు పదము సరిపెట్టుట కూడ ప్రమాదమే. ప్రమేహము అన్నచో డయాబెటిస్ అని కొందరు వ్రాయుదురు. మన శాస్త్రమున ప్రమేహములు ఇరువది. వానిలో మధుమేహము ఒకటి. ‘డయాబెటిస్ మెల్లిటస్’లో మెల్లిటస్ అనగా తేనె వంటి తీపి. మధుమేహము అన్న పేరునకు కూడ అదే మూలము. రెండు దేశముల వైద్యులు ఒకే తీపిని గుర్తించినారు. కాని ‘డయాబెటిస్ ఇన్సిపిడస్’ అను మరియొక వ్యాధి కలదు. అందు చక్కెర ఊసే లేదు. మూత్రము అతిగా పోవుట మాత్రమే. మొదటి మాట చూచి పంచదార మాన్పించినచో ప్రయోజనము శూన్యము.

కేలియము చూపిన నా ఔషధపు అలమర

‘కేలియం’ అను పేరు అరబ్బీలో మొక్కల బూడిదను తెలుపు మాట నుండి వచ్చినదని పాఠములో చెప్పినారు. వినగానే ఉలిక్కిపడితిని. మొక్కలను కాల్చి, బూడిదను నీట కలిపి, వడగట్టి, ఇంకించి చేయు క్షారములు మనకు కొత్తవి కావు. యవక్షారము అట్టిదే, అందు పొటాషియము మెండు. శ్వేతపర్పటిలో ప్రధాన ద్రవ్యము సూరేకారము. అదియు పొటాషియము లవణమే. మూత్రకృచ్ఛ్రమునకు, అశ్మరికి వీనిని వాడు వాడుక కలదు. అనగా మూత్రసంబంధమైన బాధతో వచ్చువారికే మనము వీనిని ఇచ్చుచున్నాము. వారిలో మూత్రపిండములు దెబ్బతిన్నవారు ఎవరో చూడకుండ ఇచ్చిన, కొబ్బరినీటి కథయే మరల జరుగును. నాటి నుండి క్రియాటినిన్, పొటాషియము పరీక్షల కాగితము చూడనిదే ఈ మందులను నేను ఇచ్చుట లేదు. ఒక పరాయి పదము నా సొంత అలమరను నాకు చూపినది.

గృహస్థులు గమనింపవలసినవి

మందుల చీటీలోని పొట్టి అక్షరములు కూడ లాటిను మాటలకు గుర్తులే. మన దేశమున ఓ.డి. అనగా దినమునకొకసారి, బి.డి. రెండుసార్లు, టి.డి.ఎస్. మూడుసార్లు. హెచ్.ఎస్. నిద్రించుటకు ముందు. ఏ.సి. భోజనమునకు ముందు, పి.సి. తరువాత. ఎస్.ఓ.ఎస్. అన్నచో ప్రమాద సూచన అని పెక్కుమంది తలచుదురు. కాదు, అవసరమైనప్పుడు మాత్రమే వాడుమని అర్థము. కంటి అద్దముల చీటీలో మాత్రము ఓ.డి. అనగా కుడికన్ను, ఓ.ఎస్. అనగా ఎడమకన్ను. సందేహమున్నచో మందుల దుకాణములోనే అడిగి, తెలుగులో చీటీపై వ్రాయించుకొనుడు.

హైపర్, హైపో అను రెండు మాటలను ఇంటిలో అందరును నేర్చుకొనవలెను. థైరాయిడు, రక్తపోటు, చక్కెర, పొటాషియము, అన్నిటి ముందు ఇవి వచ్చును. మాట కనబడగానే “పెరిగినదా, తగ్గినదా?” అని వైద్యుని అడిగి, జవాబును కాగితము అంచున తెలుగులో వ్రాసికొనుడు.

మూత్రపిండముల వ్యాధి గలవారు కొబ్బరినీళ్ళు, పండ్లరసములు, క్షారములు కలిసిన మందులు తమ వైద్యుని అడుగక వాడరాదు. సోడియము తక్కువని అమ్ము ఉప్పులలో కొన్నిటియందు పొటాషియము లవణము కలుపుదురు. దానిని కూడ అడిగియే వాడవలెను. మరియొక మాట. మీరు వాడు చూర్ణములు, లేహ్యములు, ఇంటి కషాయములు, అన్నిటిని ఆసుపత్రి వైద్యులకు చెప్పుడు. ఆకుమందే గదా అని దాచకుడు.

ముగింపు

చివరి పరీక్షలో ముప్పదికి ఇరువది యేడు వచ్చినవి. మనుమరాలు ఆ ధ్రువపత్రమును అచ్చువేయించి గోడకు తగిలింతునన్నది, వలదన్నాను. మాట తెలిసినంత మాత్రమున వ్యాధి తెలియదు. పన్నెండు వారముల చదువు నన్ను మరియొక శాస్త్రమునకు వైద్యుని చేయలేదు. ఎక్కడ ఆగి అడుగవలెనో మాత్రము నేర్పినది. ఇప్పుడు తెలియని మాట వచ్చినచో రోగి ఎదుటనే, “ఇది నాకు తెలియదు, అడిగి చెప్పెదను” అందును. గౌరవము తగ్గునని భయపడితిని గాని, తగ్గలేదు.

మరియొక మార్పు కూడ చేసికొన్నాను. ఇదివరకు నా చీటీలపై మందు పేరు, అనుపానము మాత్రమే సంస్కృతమున వ్రాసెడివాడను. నా చీటీ పట్టుకొని ఆసుపత్రికి పోయినవారి సంగతి నేనెన్నడు ఆలోచింపలేదు. అక్కడి వైద్యులకు నా మాటలు, నాకు వారి మాటల వలెనే ఉండియుండును. ఇప్పుడు అందలి ద్రవ్యములను, ఏ బాధకు ఇచ్చినదియు తెలుగులో విడమరచి వ్రాయుచున్నాను.

ఆ పెద్దమనిషి ఇప్పటికిని నా వద్దకు వచ్చుచున్నారు. వచ్చినప్పుడెల్ల కాగితమును తానే తెరచి, వ్రేలు పెట్టి, “శాస్త్రిగారూ, ఈసారి హైపరా, హైపోనా?” అని నవ్వుచు అడుగుదురు. నేను నవ్వను. కళ్ళద్దములు పెట్టుకొని, అక్షరమక్షరము చదివి, అప్పుడు జవాబు చెప్పుదును.